పాత రివాల్వర్ సంరక్షణ – 4వ పాఠం: సిలిండర్ బిగుసుకుపోతే

గత పాఠంలో బ్యారెల్ శుభ్రం చేయడం చూశాం. ఈసారి సిలిండర్, అంటే తూటాలు పెట్టే ఆరు అరలున్న, గుండ్రంగా తిరిగే భాగం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ ఇబ్బంది ఎన్నికలయ్యాక బయటపడుతుంటుంది. 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, జూన్ 4న లెక్కింపు జరిగింది. లైసెన్సు ఆయుధాన్ని పోలీసు స్టేషన్లో జమ చేసినవాళ్లకు అది మళ్లీ చేతికొచ్చేసరికి వేసవి గడిచిపోయింది. కదలిక లేకపోతే పాత నూనె జిగురుగా మారుతుంది. కావలి, కొత్తపట్నం వైపైతే ఉప్పుగాలి కూడా తోడవుతుంది.

మొదట తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టండి. ఆరు అరల్లోంచీ వెలుతురు కనిపించాలి. ఇది ఎన్నోసారి చేస్తున్నా సరే, మానకండి.

సిలిండర్ తిరగడం లేదని ట్రిగ్గర్‌ను బలంగా లాగొద్దు. సిలిండర్‌ను తిప్పే చిన్న కొక్కెం, సిలిండర్ వెనక ఉండే పళ్లు దెబ్బతింటాయి. అరిగిన పన్ను మళ్లీ రాదు.

ఇప్పుడు స్కెచ్ పెన్నుతో అరల పక్కన 1 నుంచి 6 వరకు అంకెలు వేయండి. వెనకవైపు ఉండే సుత్తిని, అంటే హ్యామర్‌ను, బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగుతూ, పట్టుకునే దించుతూ, ఏ అంకె దగ్గర బిగుస్తోందో కాగితం మీద రాసుకోండి. రెండు మూడు చుట్లు చూడాలి. ఈ పాఠంలో అసలు పని ఇదే, తొందరపడకండి.

ఆరు చోట్లా ఒకేలా బిగుస్తుంటే మురికిని అనుమానించండి. సిలిండర్ ముందు ముఖానికీ బ్యారెల్ వెనక అంచుకూ మధ్య సందు మామూలుగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లే ఉంటుంది, అంటే దాదాపు ఒకటి రెండు జిరాక్స్ కాగితాల మందం. అక్కడ మసి పేరుకుంటే రాసుకుంటుంది. పాత టూత్‌బ్రష్, కొద్దిగా కిరోసిన్ చాలు. ఆకురాయి మాత్రం తాకించకండి. సిలిండర్ తిరిగే ఇరుసు దగ్గర కూడా జిగురు తుడిచి, పొడిబట్టతో ఆరబెట్టి, కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. కొబ్బరినూనె వద్దు, అదే గడ్డకడుతుంది.

ఎప్పుడూ ఒకే అంకె దగ్గర ఆగుతుంటే కారణం వేరు. ఖాళీ తూటాలను బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు ఎక్స్‌ట్రాక్టర్‌ను పైకెత్తి కింద చూడండి. కాలని మందు పలుకు ఒక్కటి ఇరుక్కున్నా అది పూర్తిగా కూర్చోదు. కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్ లాంటి, నడుము దగ్గర విరిచి తెరిచే రకాల్లో ఈ చోటు చేరుకోవడం సులువు. సిలిండర్ పక్కకు తెరుచుకునే రకంలో ఎక్స్‌ట్రాక్టర్‌ను నెట్టే ఎజెక్టర్ కడ్డీ వదులైందా, వంగిందా అని కూడా చూడాలి. ఆ కడ్డీ మర బిగిసే దిశ మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఊహించి పటకారుతో తిప్పొద్దు.

ఖాళీగా బాగా తిరిగి, తూటాలు వేస్తేనే బిగుసుకుంటే ఆ పరీక్ష డమ్మీ తూటాలతోనే చేయండి. డమ్మీలతో తేలిగ్గా తిరిగితే లోపం తూటాల్లో ఉండొచ్చు, తూటా అడుగున మధ్యలో ఉండే ప్రైమర్ ఉబ్బి ఉందేమో చూడాలి. అలాంటి తూటాలను వాడకుండా, కొన్న డీలర్‌కే చూపించండి.

తుడిచినా అదే అంకె దగ్గర ఆగుతోందంటే కడ్డీ వంగడమో, పన్ను అరగడమో అయ్యుంటుంది. లేత్ షాపుకి తీసుకెళ్లొద్దు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న డీలర్ దగ్గరికే మీ లైసెన్సు పుస్తకంతో వెళ్లి, అంకెలు రాసుకున్న ఆ కాగితం చూపించండి.

వచ్చే పాఠం: తుప్పు మచ్చలు.