ప్రోగ్రెస్ బార్ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటే

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీలో ఉండే తమ్ముడొకడు మొన్న రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "అన్నా, బార్ కదలట్లేదు, ఒకసారి చూడవా" అన్నాడు. వాడి వెబ్‌సైట్‌లో ఎక్సెల్ ఫైల్ అప్‌లోడ్ చేస్తే సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ కోడ్ ఒక్కో రో (వరస) చదివి డేటాబేస్‌లోకి ఎక్కించాలి, నిమిషంన్నర పని.

సమస్య 1: బార్ మూడు సెకన్లలో 100కి పోయి అక్కడే కూర్చుంటుంది.
కారణం: బ్రౌజర్ ఇచ్చే అప్‌లోడ్ ప్రోగ్రెస్ ఈవెంట్ ఫైల్ ఎంత పంపిందో చెప్తుందంతే, అవతల సర్వర్ ఏం చేస్తోందో దానికి తెలీదు.
పరిష్కారం: అప్‌లోడ్ అయ్యాక సెకనుకోసారి సర్వర్‌నే అడగాలి, ఎన్ని రోలు అయ్యాయని.

సమస్య 2: అలా అడిగితే ఒక్కదానికీ జవాబు రాదు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే అన్నీ పెండింగ్, అసలు పని అయిపోగానే అన్నీ గుంపుగా వచ్చి 100 అంటాయి. మావాడు జావాస్క్రిప్ట్‌ని అనుమానించి రెండు గంటలు తగలేశాడు, పాపం.
కారణం: సెషన్ లాక్. సెషన్ అంటే లాగిన్ అయిన యూజర్ ఎవరో సర్వర్ గుర్తుపెట్టుకునే చోటు. సెషన్_స్టార్ట్ (session_start) అనగానే పీహెచ్‌పీ ఆ సెషన్ ఫైల్‌కి తాళం వేస్తుంది, స్క్రిప్ట్ అయ్యేదాకా తియ్యదు, అదే యూజర్ నుంచి వచ్చే రెండో రిక్వెస్ట్ గుమ్మం దగ్గరే నిలబడుతుంది. నమ్మకపోతే ఇన్‌కాగ్నిటోలో ఇంకోసారి లాగిన్ అయ్యి అదే యూఆర్ఎల్ కొట్టండి, టక్కున వస్తుంది, ఎందుకంటే అది వేరే సెషన్.
పరిష్కారం: యూజర్ ఐడీ తీసుకోగానే ఆ తాళం తీసే సెషన్_రైట్_క్లోజ్ (session_write_close) పిలిచేయాలి. తర్వాత సెషన్‌లో రాసింది సేవ్ అవ్వదు కాబట్టి ప్రోగ్రెస్‌ని ఒక టేబుల్‌లో పెట్టి వంద రోలకోసారి అప్‌డేట్ చేస్తే చాలు. ఇక్కడ ఇంకో గుంట ఉంది, మేమూ పడ్డాం: ఇంపోర్ట్ మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో (మార్పులన్నీ కలిపి చివర్లో ఒకేసారి ఖాయం, అంటే కమిట్, చేసే కట్టలో) ఉంటే ఆ అప్‌డేట్ కూడా అందులోనే ఇరుక్కుని కమిట్ అయ్యేదాకా బయటికి కనపడదు. దానికి వేరే డేటాబేస్ కనెక్షన్ వాడాలి.

సమస్య 3: ల్యాప్‌టాప్‌లో బానే ఉంది, సర్వర్ మీద సరిగ్గా నిమిషానికి 504 (టైమ్‌కి జవాబు రాలేదనే ఎర్రర్).
కారణం: పీహెచ్‌పీకి ముందుండే వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్‌లో (nginx) ఫాస్ట్‌సీజీఐ రీడ్ టైమవుట్, అంటే పీహెచ్‌పీ జవాబు కోసం ఆగే టైమ్, డిఫాల్ట్‌గా 60 సెకన్లు.
పరిష్కారం: టైమవుట్ పెంచడం కాదు. పనిని క్యూలో వేసి, 202తో (పని తీసుకున్నాం, ఇంకా అవ్వలేదనే కోడ్) జాబ్ నంబర్ వెంటనే ఇచ్చేసి, వెనక విడిగా నడిచే వర్కర్ ప్రోగ్రామ్‌తో చేయించాలి, అప్పుడు సెషన్ తాళం గొడవే ఉండదు. కాకపోతే వాడికి పొద్దున పదింటికి డెమో, ఆ రాత్రికి మాత్రం టైమవుట్ 300 సెకన్లు పెట్టేసి పడుకున్నాం.