ఇంట్లో మంచి సౌండ్ – 3వ పాఠం: సబ్‌ఊఫర్ పెట్టె ఎంత ఉండాలి?

పోయిన పాఠంలో ఎంచుకున్న స్పీకర్లు 60 హెర్ట్జ్ దాకా దిగితే చాలనుకున్నాం, ఎందుకంటే 80 హెర్ట్జ్ కింద పనంతా సబ్‌ఊఫర్‌కే అప్పజెబుతాం. ఇవాళ దానికి పెట్టె కడదాం, మూసిన పెట్టె, మొదటిసారి చేసేవాళ్లకి అదే మంచిది. చాలామంది చేతికి దొరికిన పెట్టెలో 12 అంగుళాల డ్రైవర్ (కోన్ ఊగి శబ్దం చేసే స్పీకర్ భాగం) బిగించేసి, ఏ పాటకైనా ఒకేలా ‘బుమ్మ్’ మంటోందని డ్రైవర్‌ని తిడతారు. పెట్టె సైజు మన ఇష్టం కాదండీ, అది డ్రైవర్ చెప్పాలి.

డేటాషీట్ తీసి మూడు అంకెలు రాసుకోండి. ఎఫ్ఎస్ అంటే పెట్టె లేకుండా కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ. ఆ ఊగుడుకి ఎంత బ్రేక్ పడుతుందో క్యూటీఎస్ చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ బ్రేక్ గట్టిది. వీఏఎస్ దగ్గరే అందరూ తికమక పడతారు: కోన్‌ని వెనక్కి లాగే సస్పెన్షన్‌కి ఎంత బిగువుందో, అంతే బిగువున్న గాలి ఎన్ని లీటర్లో ఆ లెక్క. పెట్టెలో మూసిన గాలి కూడా స్ప్రింగే కదా, పెట్టె చిన్నదైతే స్ప్రింగ్ బిగుస్తుంది.

డ్రైవర్‌కీ పెట్టెకీ కలిపి వచ్చే బ్రేక్ అంకెని మొత్తం క్యూ అంటారు, అది 0.707 దగ్గర ఉండాలి, అక్కడ బేస్ ఉబ్బకుండా సాఫీగా దిగుతుంది. 0.707ని క్యూటీఎస్‌తో భాగించి, వర్గం చేసి, 1 తీసేయండి. వచ్చినదానితో వీఏఎస్‌ని భాగిస్తే పెట్టె లీటర్లు. మన డ్రైవర్‌కి క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 60 లీటర్లు, ఎఫ్ఎస్ 25 అనుకుందాం. భాగిస్తే 1.414, వర్గం 2, ఒకటి తీస్తే 1, అంటే పెట్టె సరిగ్గా 60 లీటర్లు. కోన్ ఊగే ఫ్రీక్వెన్సీ కూడా పెట్టెలో ఎఫ్ఎస్‌కి అదే 1.414 రెట్లయి, 35 హెర్ట్జ్ అవుతుంది.

లోపల 40 సెంటీమీటర్ల ఘనం కడితే 64 లీటర్లు, అడ్డపట్టీలూ మాగ్నెట్టూ నాలుగు లీటర్లు తినేస్తాయి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌లో (చెక్క పీచు నొక్కి చేసిన పలక) ముందు, వెనక పలకలు 43.6 × 43.6, పైన, కింద 43.6 × 40, పక్కలు 40 × 40 సెంటీమీటర్లు కోయించండి. అతుకులకు వుడ్ గ్లూ, లోపలి మూలలకు సిలికాన్. సిలికాన్ పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా డ్రైవర్ పెట్టొద్దు, ఆ ఆవిరి కోన్ అంచును పాడుచేయొచ్చు.

బిగించాక రెండు చేతుల వేళ్లతో కోన్‌ని సమంగా, మెల్లగా నొక్కి వదలండి. నింపాదిగా తిరిగొస్తే పెట్టెలో గాలి నిలిచినట్టే. టక్కున వచ్చేస్తే ఎక్కడో లీక్ ఉంది, ముందు వైరు దూర్చిన రంధ్రం చూడండి, నాకైతే ఎక్కువసార్లు అక్కడే దొరికింది.

వచ్చే పాఠానికి ముందు ఒక లెక్క: వీఏఎస్, ఎఫ్ఎస్ ఇవే ఉండి క్యూటీఎస్ 0.4 అయితే? మీకు 28 లీటర్లు, 44 హెర్ట్జ్ రావాలి.