భాకరాపేట ఘాట్‌లో తెగిన బెల్టు

మదనపల్లె నుంచి తిరుపతి వస్తూ భాకరాపేట ఘాట్ దిగుతుంటే బ్యాటరీ లైటు వెలిగింది, వెంటనే స్టీరింగ్ బరువెక్కింది. బ్యాటరీకి చార్జింగ్, స్టీరింగ్‌కు బలం ఇచ్చే ఇంజన్ బెల్టు తెగిందన్నమాట. నా కారులో ఇంజన్‌ను చల్లగా ఉంచే వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది. ఇంకో కిలోమీటరు పోదామన్న ఆశ చంపుకుని ఇంజన్ ఆపేశాను.

డిక్కీలో స్పేర్ బెల్టు ఉంది. దాని మీద 6పీకే అని రాసుంటే పొడవునా ఆరు గట్లని, పక్కనున్న అంకె మిల్లీమీటర్లలో పొడవని అర్థం. రెండూ సరిపోవాలి. బెల్టు అందాలంటే కారు ఎత్తాలి, అసలు చిక్కు జాకీతో వచ్చింది. స్పోర్ట్స్ కారు కదా, నేలకు ఆనుకున్నట్టే ఉంటుంది, జాకీ దూరదు. ముందు చక్రాన్ని చెక్క మీదికి ఎక్కించాకే పట్టింది.

బెల్టు వేసే ముందు పుల్లీలన్నీ చేత్తో తిప్పి చూశాను. బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ గరగరమంది. దాని బేరింగే పోయింది. “ఉత్త బెల్టు పెట్టుకుంటే ఏం లాభం నా” అని మా మెకానిక్ పోరబట్టి కొన్న పుల్లీ ఇప్పుడు పనికొచ్చింది. పొడుగు రాడ్డుతో, బెల్టును బిగువుగా పట్టే టెన్షనర్ వంచి, ఫోన్‌లో ముందే తీసుకున్న ఫొటో చూస్తూ బెల్టు తొడిగాను.

తలకు కట్టుకునే లైటు మాత్రం ఇంట్లోనే మరిచిపోయాను. ఫోన్ పళ్లతో పట్టుకునే పని కానిచ్చా.