పాపకు ‘ప’, ‘వ’ తేడా తెలిసింది ఇలా (నా అనుభవం)

మాది తిరుపతి. పాపకు అయిదేళ్లు. ఫోన్‌లో అక్షరాల పాట మొత్తం పాడేది, పలక మీద ‘ప’ రాస్తే మాత్రం ‘వ’ అనేది. నాకు టెన్షన్ పట్టుకుంది. పక్కన కూర్చుని చూస్తే అర్థమైంది, తను వింటోంది కానీ అక్షరాన్ని చూడట్లేదు.

వీడియోలు ఆపేశాను. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, మొదటి స్థాయివి పేజీకి ఒకటి రెండు వాక్యాలే. ఒకటి డౌన్‌లోడ్ చేసి, నెట్ ఆపి, ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివాను. తన వేలు పట్టుకుని ఒక్కో మాట కింద జరిపాను. ‘ప’ వచ్చినచోట స్క్రీన్ పెద్దది చేసి చూపించా: తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కి అతుక్కుని ఉంటుంది. వెంటనే ముగ్గుపిండిలో వేలితో రాయించాను. ఈ రాయించడమే అసలు పని చేసిందని నా నమ్మకం.

రోజుకు పావుగంటే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మాకు అంత అవసరమే రాలేదు.

మూడు వారాలకు బస్టాండులో పలమనేరు బస్సు బోర్డు చూసి, “అమ్మా, ‘ప’! తలకట్టు అంటలేదు చూడు” అంది. ఇప్పుడు ఒత్తులు మొదలుపెట్టాం.