గోల్ఫ్ స్వింగ్‌లో చేతులు బిగుసుకుపోకుండా

"చేతులు వదిలేయండి" అనే సలహా ప్రతి డ్రైవింగ్ రేంజ్‌లోనూ (గోల్ఫ్ సాధన చేసే మైదానంలో) వినిపిస్తుంది. దాన్ని పాటిద్దామనుకుంటే ఎక్కడ వదలాలో తెలియదు. వదలాల్సింది వేళ్ళ దగ్గర. వేళ్ళను బిగించే కండరాలు చాలావరకు ముంజేతిలోనే ఉంటాయి, వాటి స్నాయువులు మణికట్టు దాటి వేళ్ళకు చేరతాయి. అందుకే గ్రిప్‌ను, అంటే క్లబ్ (గోల్ఫ్ కర్ర) పిడిని, పిసికితే మణికట్టూ బిగుసుకుంటుంది.

అలా బిగుసుకుంటే బ్యాక్‌స్వింగ్‌లో (క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు) మణికట్టు సరిగా మడవదు, వేగం పోతుంది. ముంజేతులు తిరగక క్లబ్ ఫేస్ (బంతిని తాకే ముఖం) కుడికి తెరుచుకునే ఉంటుంది, బంతి కుడికి వంగిపోతుంది, అదే స్లైస్ (ఇక్కడ చెప్పేదంతా కుడిచేతివాటం వాళ్ళకి, ఎడమచేతివాటమైతే తిరగేసుకోండి). మోచేతులు కాస్త ముడుచుకున్నా క్లబ్ పైకి లేచి బంతి నెత్తిన తగులుతుంది. "తల ఎత్తేశావు" అని పక్కవాళ్ళు తేల్చేసే షాట్లలో చాలావాటికి అసలు కారణం ఇదే.

ముందు పట్టు సరిచేసుకోండి. ఎడమచేతిలో గ్రిప్ అరచేతి మధ్యలో కాదు, చూపుడు వేలి నడిమి కణుపు నుంచి చిటికెన వేలి మొదలు దాకా ఏటవాలుగా ఉండాలి. బిగువంతా ఎడమచేతి చివరి మూడు వేళ్ళలో, కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేళ్ళలో ఉండాలి. కుడి బొటనవేలు, చూపుడు వేలు ఊరికే ఆనితే చాలు. బంతి దగ్గర నిలబడి ఆ రెండు వేళ్ళూ ఎత్తి చూడండి. క్లబ్ కదిలిందంటే భారమంతా వాటి మీదే వేశారన్నమాట.

జారిపోయే పట్టు 1, ఒంట్లో బలమంతా పెట్టిన పట్టు 10 అనుకుంటే సెవెన్ ఐరన్‌కు (మధ్యస్థ దూరానికి వాడే క్లబ్) 4 సరిపోతుంది. చిప్‌కు (దగ్గర్నుంచి కొట్టే చిన్న షాట్) 3, ఒత్తుగా పెరిగిన గడ్డిలో 5 లేదా 6. అయితే ఈ కొలత క్లబ్‌ను నిలువుగా పట్టుకుని వేసుకోకండి. అప్పుడు క్లబ్ తేలిగ్గా ఉంటుంది, ముందుకు దించేకొద్దీ బరువు తెలిసి వేళ్ళు వాటంతటవే బిగుస్తాయి. క్లబ్‌హెడ్ బంతి వెనక ఆనాకే సరిచూసుకోండి.

షాట్ ముందు రెండు సెకన్లు 9 దాకా పిసికి, ఒక్కసారిగా 4కు వదలండి. రెండుసార్లు మణికట్టుతో క్లబ్‌ను ఆడించి, ఊపిరి వదులుతూ మొదలుపెట్టండి. బంతి దగ్గర శిలలా నిలబడిపోతే పట్టు మళ్ళీ పెరుగుతుంది.

అసలు చిక్కు స్వింగ్‌లో క్లబ్ పైకి చేరిన చోట ఉంది. క్లబ్ కిందికి తిరిగే క్షణంలో పట్టు 4 నుంచి 8కి ఎగబాకుతుంది, అదీ నీళ్ళో బంకరో (ఇసుక గుంట) ఎదురుగా కనిపిస్తే మరీను. బంతి తగిలేటప్పుడు పట్టు సహజంగానే కొంత పెరుగుతుంది, దాని గురించి ఆలోచించకండి. పైన మాత్రం ఉలిక్కిపడకూడదు. దీనికి రెండు సాధనలు చేయండి. కాళ్ళు రెండూ దగ్గర పెట్టి సగం స్వింగ్‌తో 20 బంతులు కొట్టండి, చేతులతో లాగితే వెంటనే తూలుతారు. తర్వాత డ్రైవర్‌ను (అన్నిటికంటే పొడవైన క్లబ్) తలకిందులుగా, హెడ్‌కు దగ్గరగా పట్టుకుని ఊపండి. ‘ష్వ్’ మనే చప్పుడు బంతి చోటు దాటాక వినిపించాలి. కుడి భుజం దగ్గరే వినిపిస్తే పైనే లాగేశారు.

మరీ వదిలేసినా తప్పే. పైన ఎడమచేతి చివరి వేళ్ళు తెరుచుకుంటే కిందికి వచ్చేటప్పుడు మళ్ళీ పట్టుకోవాల్సి వస్తుంది. గ్లోవ్ అరచేతి అడుగున, మణికట్టు దగ్గర చిరుగుతుంటే క్లబ్ చేతిలో జారుతోందనే గుర్తు.

ఇంత చేసినా పట్టు బిగుస్తుంటే గ్రిప్‌నే అనుమానించండి. పట్టుకున్నప్పుడు ఎడమచేతి మధ్యవేలు, ఉంగరపు వేలి కొసలు అరచేతిని తాకీతాకనట్టుండాలి, గుచ్చుకుంటే గ్రిప్ సన్నం. నున్నబడిన గ్రిప్‌లను గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి, ఏడాదికోసారి మార్చండి. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్ళలో రెండు గ్లోవ్‌లు ఉంచుకుని మూడు హోల్స్‌కొకసారి మార్చుకోండి. మోచేతి లోపలివైపు నొప్పి మొదలైతే మాత్రం రేంజ్ ఆపేసి ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోండి.