బిడ్డల్ని ఏడిపించకుండా ఏడుపు సీను తీసేదెట్లా

ఎనిమిదేళ్లప్పుడు హైదరాబాదులో ఒక సీరియల్లో చేసేదాన్ని. ఒకరోజు ఏడుపు సీను. ఎంతసేపటికీ కన్నీళ్లు రాలేదు. యూనిట్లో ఒకాయన నా పక్కన కూర్చుని, "మీ అమ్మ నిన్నొదిలేసి చిత్తూరు బస్సెక్కేసింది" అన్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాను. షాట్ ఓకే, అందరూ చప్పట్లు. అమ్మ మేకప్ రూము వెనకాల నా టిఫిన్ డబ్బా కడుగుతా ఉంది. ఆ తర్వాత చాన్నాళ్లు అమ్మ స్నానానికి పోయినా తలుపు పట్టుకుని నిలబడేదాన్ని.

ఇప్పుడు తిరుపతిలో నేనే నిర్మాతని, నేనే డైరెక్టర్ని. బిడ్డలతో షార్ట్ ఫిల్ము తీయాలనుకునేవాళ్లకు నా పద్ధతి చెప్తాను.

ముందు కాగితాలు. పద్నాలుగేళ్లలోపు బిడ్డ నటిస్తుంటే, షూటింగ్ జరిగే జిల్లా కలెక్టరు అనుమతి కావాలి. 2022 ఏప్రిల్లో పాత చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి చంద్రగిరిలో తీస్తే తిరుపతి కలెక్టరేటుకు, కాణిపాకంలో తీస్తే చిత్తూరుకు పోవాలి. చంద్రగిరి కోట లోపలైతే కేంద్ర పురావస్తు శాఖ అనుమతి వేరే. 2017 బాలకార్మిక నిబంధనల ప్రకారం రోజుకు 5 గంటలే పని, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులు మించకూడదు. ఐదుగురు బిడ్డలకు ఒక బాధ్యుణ్ణి పెట్టాలి. నేను పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదికల్లా బిడ్డ సీన్లు ముగించేస్తాను. మే నెల తిరుపతి ఎండలో అంతకుమించి నిలబెట్టడం పాపం.

ఆడిషన్లో డైలాగులు చెప్పించను. "జాతరలో ఏ వేషం కట్టినావు?" అని అడుగుతాను. మన బిడ్డలకు వేషం కొత్త కాదు. తిరుపతి గంగమ్మ జాతరకు బైరాగి వేషమని నామకొమ్ము, అంటే నామాలు పెట్టుకునే తెల్లసుద్ద, పూసుకుంటారు, తోటి వేషమని బొగ్గు పూసుకుని వేపమండలు కట్టుకుంటారు. వేషం ఉన్నంతసేపు ఒకరు, కడిగేసినాక ఇంకొకరు అని ఎవరూ నేర్పకుండానే వాళ్లకు తెలుసు. నా పని మొత్తం ఆ తెలివి మీదే నడుస్తుంది. సెట్లో పాత్ర గౌను తొడిగేటప్పుడు ఆ పాత్ర పేరుతో పిలుస్తాను. సీను అయిపోగానే మొహం కడిగించి, సొంత బట్టలు వేయించి, సొంత పేరుతో పిలుస్తాను. ఎంత ఆలస్యమైనా ఇది మాననివ్వను.

ఇక ఏడుపు. పోయినసారి కథలో, అవ్వ పెంచిన దూడను అమ్మేస్తారు. ఇంటికొచ్చిన పాప ఖాళీ గుంజను చూడాలి. ఆ పాపకు తొమ్మిదేళ్లు. దూడను నిజంగానే అమ్మేశామని చెప్తే ఏడ్చేదే. నేను చెప్పలేదు. దూడను ముందే చూపించి, గడ్డి పెట్టించి, "సాయంత్రం దీన్ని పెంచేవాళ్లింటికి తోలుకుపోతారు, నువ్వూ పోయి చూడొచ్చు" అన్నాను. తర్వాత గుంజకు పలుపు బిగించి కట్టించి, "ఏడవద్దు అమ్మణ్ణీ, ఆ ముడి విప్పు చాలు" అన్నాను. ముడి రాలేదు. గోళ్లతో పీకింది, పంటితో లాగింది, కింది పెదవి బిగపట్టింది. కెమెరా ఆ చేతుల మీదే పెట్టాను, మొహం సగమే కనిపిస్తుంది. కన్నీటి చుక్క లేదు, అయినా ఎడిటింగులో చూసినవాళ్లంతా పాప ఏడ్చిందనే అనుకున్నారు. బిడ్డకు బాధను చెప్పొద్దు, చేతికి పని ఇవ్వండి. తడి కావాలంటే చెంప మీద నీటిచుక్క పెట్టండి, కంట్లో ఏమీ వేయొద్దు.

వాళ్లమ్మను మానిటర్ వెనక కాదు, బిడ్డకు కనిపించే చోట కూర్చోబెట్టండి. కట్ అనగానే బిడ్డ మీ మొహం చూస్తుంది. ముందు "బాగా చేసినావు" అని, తర్వాతే తప్పు చెప్పండి. చేయనంటే ఆరోజుకు ఆపేయండి. బలవంతం చేయకూడదని నిబంధనల్లోనూ ఉంది.

డబ్బు విషయం. పారితోషికంలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో బిడ్డ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. నాకు ఆ రోజుల్లో ఎంత ఇచ్చారో నేనెప్పుడూ చూడలేదు. అందుకే రసీదు నకలు ఒకటి తీసి బిడ్డ చేతికే ఇస్తాను. దూడ సీను చేసిన పాప దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి లెక్కల పుస్తకంలో దాచుకుంది.