ఇంటి చాట్ సర్వర్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి?

ఇంటివాళ్ల కోసం, స్నేహితుల కోసం మ్యాట్రిక్స్ (ఎవరైనా సొంతంగా నడుపుకోగల చాట్ వ్యవస్థ) సర్వర్ పెట్టుకున్నవాళ్లకు తరచూ వినిపించే ఫిర్యాదు ఒక్కటే: "పనిచేయట్లేదు". లాగులు (సర్వర్ రాసుకునే చిట్టా) తెరిచే ముందు ఎవరికి పనిచేస్తోందో, ఎవరికి చేయట్లేదో అడగండి. సగం కారణం ఆ జవాబులోనే ఉంటుంది. ఎందుకంటే చాలాసార్లు తేడా వచ్చేది సినాప్స్ అనే మ్యాట్రిక్స్ సర్వర్ ప్రోగ్రాములో కాదు, దానికీ ఫోన్‌కీ మధ్య ఉన్న దారిలో.

సర్వర్ విజయవాడ పటమటలో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద, ముందు ఎన్‌జిన్‌ఎక్స్‌తో (బయటి కనెక్షన్లను అందుకుని సినాప్స్‌కు అప్పగించే ప్రోగ్రాముతో) నడుస్తోందనుకుందాం. చుట్టాలు గుంటూరు బ్రాడీపేటలో ఉండి ఫోన్లలో ఎలిమెంట్ అనే మ్యాట్రిక్స్ యాప్ వాడుతున్నారు.

పటమటలో బాగానే ఉంది, గుంటూరులో కలవట్లేదు

రౌటర్ సెట్టింగ్స్‌లో వాన్ ఐపీ (రౌటర్‌కు బయటివైపు ఉన్న అడ్రసు) చూడండి. మన ఐపీ చూపించే ఏదైనా సైటు చెప్పే నంబరుతో దాన్ని పోల్చండి. రెండూ వేరుగా ఉంటే దాదాపుగా కారణం సీజీనాట్. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఇక అనుమానమే అక్కర్లేదు. ఆ వరసను 2012లో ఈ పనికోసమే కేటాయించారు. అంటే కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఒకే పబ్లిక్ అడ్రసును చాలా ఇళ్లకు పంచుతున్నారు. అప్పుడు మీ రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్‌ను సర్వర్‌కు మళ్లించే సెట్టింగ్) ఎంత జాగ్రత్తగా పెట్టినా ఫలితం ఉండదు, బయటి కనెక్షన్ మీ రౌటర్ దాకా రాదు.

కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ అడ్రసు) తీసుకోవడం తేలికైన దారి. అది దొరక్కపోతే చిన్న వీపీఎస్ (డేటా సెంటర్‌లో ఉండే సర్వర్) ఒకటి అద్దెకు తీసుకుని, ఇంటి మెషిన్ నుంచి దానికి వైర్‌గార్డ్ టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ అయిన సొంత దారి) వేయండి. ఇంటివైపు పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 పెట్టడం మరవద్దు, లేకపోతే కాసేపు మాటల్లేకపోతే టన్నెల్ నిద్రపోతుంది. నా సలహా ఏమిటంటే, వీపీఎస్ తన 443 పోర్టుకు (హెచ్‌టీటీపీఎస్ వచ్చే దారి) వచ్చినదాని ఎన్‌క్రిప్షన్ విప్పకుండా ఉన్నదున్నట్టు ఇంటికి పంపాలి, దాన్ని విప్పే సర్టిఫికెట్, తాళం ఇంట్లోనే ఉండాలి. మన మాటలు మన దగ్గరే ఉండాలని కదా ఇదంతా మొదలుపెట్టింది. ఇలాంటి టన్నెల్‌ను తానే కలిపిపెట్టే టెయిల్‌స్కేల్ ఇంకా సులువే కానీ ప్రతి ఫోన్‌లోనూ ఆ యాప్ ఆన్‌లో ఉండాలి. పెద్దవాళ్ల ఫోన్లలో అది ఎప్పుడో ఒకప్పుడు ఆఫ్ అవుతుంది.

బయట పనిచేస్తోంది, ఇంటి వైఫైలో రావట్లేదు

ఇది పైదానికి తలకిందులు. ఇంట్లోంచి మన పబ్లిక్ అడ్రసుకే వెళ్లి మళ్లీ లోపలికి రావడం కొన్ని రౌటర్లకు చేతకాదు. ఇంటి డీఎన్‌ఎస్‌లో (పేరుకు అడ్రసు చెప్పే పట్టికలో) సర్వర్ పేరుకు లోపలి అడ్రసు రాయండి. రౌటర్‌లో ఆ వీలు లేకపోతే పై-హోల్ అనే ఇంటి డీఎన్‌ఎస్ ప్రోగ్రాము పెట్టుకోండి. ఒక్క ఫోన్ మాత్రం అప్పటికీ మొండికేస్తే దాని ప్రైవేట్ డీఎన్‌ఎస్ సెట్టింగ్ చూడండి. అందులో వేరే డీఎన్‌ఎస్ పేరు పెట్టి ఉంటే ఇంటి డీఎన్‌ఎస్‌ను పట్టించుకోదు.

మాటలు వెళ్తున్నాయి, పెళ్లి ఫొటోలు వెళ్లట్లేదు

లాగులో 413 (ఫైలు మరీ పెద్దది అనే తప్పు కోడ్) కనిపిస్తే కారణం ఎన్‌జిన్‌ఎక్స్. అది మామూలుగా 1 ఎంబీ దాటనివ్వదు. సినాప్స్ పరిమితి 50 ఎంబీ. రెండుచోట్లా ఒకే అంకె పెట్టి, ఎన్‌జిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయండి.

కాల్ రింగవుతోంది, గొంతు వినపడట్లేదు

టర్న్ సర్వర్ (రెండు ఫోన్లు నేరుగా కలవలేనప్పుడు కాల్‌ను మధ్యలో అందించేది) లేకపోవడమో, దాని పోర్టులు మూసుండటమో కారణం. కోటర్న్ అనే టర్న్ ప్రోగ్రాము పెట్టి 3478 పోర్టుతో పాటు 49152 నుంచి 65535 దాకా యూడీపీ తెరవండి. షేర్డ్ సీక్రెట్ (రెండూ పంచుకునే రహస్య పదం) సినాప్స్, కోటర్న్ కాన్ఫిగ్ ఫైళ్లు రెండింటిలో అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఎలిమెంట్ కొత్త యాప్ ఎలిమెంట్ ఎక్స్ వాడేవాళ్లకు ఇది చాలదు, దాని కాల్స్‌కు లైవ్‌కిట్ అనే కాల్ సర్వర్ విడిగా కావాలి.

అమ్మమ్మ కొత్త ఫోన్‌లో పాత మెసేజ్‌లన్నీ "అన్‌ఏబుల్ టు డిక్రిప్ట్" (విప్పలేకపోతున్నాం)

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. సర్వర్ మనదే అయినా మనం ఏమీ చేయలేం, ఎందుకంటే తాళాలు ఫోన్లలో ఉంటాయి. పాత ఫోన్ ఇంకా లాగిన్‌లో ఉంటే దాన్ని రీసెట్ చేయనివ్వకండి. ముందు దానితో కొత్త ఫోన్‌ను వెరిఫై చేయండి. పాత ఫోన్ పోయి ఉంటే రికవరీ కీ (సర్వర్‌లోని కీ బ్యాకప్‌ను తెరిచే పొడవాటి కోడ్) అడగండి. అదీ లేకపోతే పాత మాటలు తిరిగి రావు, ఆ సంగతి దాచకుండా చెప్పేయాలి.

అడ్మిన్‌లు చాలామంది చూసుకోని సంగతి ఇంకొకటి ఉంది. "పాస్‌వర్డ్ మర్చిపోయాను నాన్నా" అనగానే అడ్మిన్ ఏపీఐతో (సర్వర్‌కు నేరుగా ఆదేశాలిచ్చే దారితో) మార్చేస్తాం. మనం వద్దని చెప్పకపోతే అది ఆ మనిషి ఫోన్లన్నిటినీ లాగౌట్ చేసేస్తుంది. కీ బ్యాకప్ లేకపోతే ఆ క్షణంతో పాత మెసేజ్‌లు పోయినట్టే. ఆ ఆదేశంలో లాగౌట్ డివైసెస్ అనేదాన్ని ఫాల్స్‌గా పంపండి. ఖాతా తెరిచిన రోజే రికవరీ కీని కాగితం మీద రాయించి, బ్యాంకు పాస్‌బుక్‌తో పాటు బీరువాలో పెట్టించండి.

నిన్నటిదాకా బాగుంది, ఇవాళ ఎవరికీ రావట్లేదు

మొదట సర్టిఫికెట్ గడువు చూడండి. ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ మామూలుగా 90 రోజులకే, పైగా 2025 జూన్ నుంచి వాళ్లు గడువు హెచ్చరిక మెయిళ్లు పంపడం మానేశారు. సర్టిఫికెట్లు తెచ్చే సర్ట్‌బాట్ ప్రోగ్రాము కొత్తది తెచ్చినా ఎన్‌జిన్‌ఎక్స్ రీలోడ్ కాకపోతే పాతదే చూపిస్తూ ఉంటుంది. రీలోడ్‌ను సర్ట్‌బాట్ డిప్లాయ్ హుక్‌లో (కొత్తది రాగానే అది నడిపే ఆదేశంలో) రాయండి.

గడువు బాగానే ఉంటే కరెంటు ఏమైనా పోయి వచ్చిందేమో అడగండి. సర్వర్ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో, మెమరీ కార్డు మీద నడుస్తుంటే ఫైళ్లు పాడై ఉండవచ్చు. ఎస్‌ఎస్‌డీకి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు మారండి. యూపీఎస్ కొంటే సర్వర్‌తో పాటు రౌటర్‌నూ, ఫైబర్ డబ్బానూ దానికే తగిలించండి.

యూపీఎస్ ఆదుకోలేని రోజులూ ఉంటాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అలాంటప్పుడు కింది అంతస్తులో ఉన్న సర్వరూ, దాని పక్కనే ఉన్న బ్యాకప్ డిస్కూ రెండూ మునుగుతాయి. అందుకే ఒక కాపీ గుంటూరులో చుట్టాల ఇంట్లో ఉండాలి. డేటాబేస్ డంప్ (మొత్తం డేటా నకలు), మీడియా ఫోల్డర్, కాన్ఫిగ్ ఫైలు, సైనింగ్ కీ (సర్వర్ తన గుర్తింపుకు వాడే తాళం) నాలుగూ ఉంటేనే అది పూర్తి కాపీ. డంప్ తీసేటప్పుడు వన్ టైమ్ కీల (ఒక్కసారికే వాడాల్సిన తాళాల) టేబుల్‌లోని డేటాను వదిలేయండి. అది కూడా తిరిగి ఎక్కిస్తే వాడేసిన కీలు మళ్లీ బయటికొచ్చి, ఈసారి కొత్త మెసేజ్‌లు కూడా తెరుచుకోవు.